ఒకరి కథలోనికి ఇంకొకరు రాకూడదా?

మన సంఘము వారి పఠన మందిరములో కిందటి సంవత్సరమొక చిన్న తగవు పుట్టినది. చిన్నదే యైనను దాని వేళ్లు లోతుగా నున్నవని తోచుటచే ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషన్ పరీక్షతో చదువు చాలించి, ముప్పదియైదేండ్లు ఒక కచేరీలో గుమాస్తాగా పనిచేసి విరమించుకొన్నవారము. ఫైలులో నున్నదేది, లేనిదేది అని చూచి చెప్పుటయే మా విద్య. ఆ విద్యతోనే ఈ వివాదమును పరిశీలింతుము.

విషయమిది. విదేశములో ఉద్యోగము చేయుచున్న మన యువకుడొకడు సెలవులకు వచ్చినప్పుడు, తాను చిన్ననాటి నుండి కూర్చుకొన్న అమెరికా కామిక్స్ పుస్తకములను ఒక పెట్టెడు తెచ్చి పిల్లల బీరువాకు ఇచ్చెను. నెల తిరుగక మునుపే పెద్దలలో ఒకరు ఆ పెట్టెను పాత కాగితములవానికి అమ్మివేయవలెనని ప్రతిపాదించిరి. వారి పేరు ఇచట అనవసరము. వారియెడ మాకు గౌరవమే కలదు. వారు చూపిన కారణములు మూడు. మొదటిది, ఇవి పరదేశపు పుస్తకములు. రెండవది, వీనికి కథా మర్యాద లేదు. ఒక వీరుని పేరిట అచ్చైన పుస్తకములోనికి ఇంకొక వీరుడు పిలువని పేరంటమునకు వచ్చినట్లు వచ్చి, కలియబడి, వెడలిపోవును. మూడవది, ఇదంతయు అమ్మకము కొఱకు పన్నిన వ్యాపార తంత్రము. సభలో చాలమంది తల యూపిరి. మేము ఊపలేదు. ఆనాడు చెప్పుటకు వ్యవధి చాలలేదు గనుక ఈనాడు చెప్పుచున్నాము.

మొదటి కారణమునకు ఎక్కువ మాటలు అక్కరలేదు. పరదేశపు రూపమైనంత మాత్రమున పారవేయదగినదైనచో, మన భాషలో నవల యను ప్రక్రియయే ఉండకపోవును. కందుకూరి వీరేశలింగము పంతులు గారు 1878లో రాజశేఖర చరిత్రమును వ్రాసినప్పుడు గోల్డ్‌స్మిత్ నవలను ఎదుట నుంచుకొనియే వ్రాసిరి. అందువలన మన తెలుగు చెడలేదు, పెరిగినది. రూపము ఎచటిదని కాదు, దానిలో మనము ఏమి పోసితిమని చూడవలెను.

ఇక రెండవ కారణము. ఇదియే అసలు వాదము. ఆ పెద్దలు పుస్తకములను తెరచి చూడలేదని మాకు అనుమానము. మేము చూచితిమి. పండ్రెండేండ్ల మా మనుమడు ప్రక్కన గూర్చుండి పుట త్రిప్పుచుండగా చూచితిమి. కావున ఈ రాకపోకలు ఎట్టివో ఒక ఉదాహరణముతో విన్నవింతుము.

స్పైడర్ మాన్ అను వీరుడు 1962లో అమేజింగ్ ఫాంటసీ అను పత్రిక 15వ సంచికలో మొదట కనిపించెను. 1963 మార్చి తేదీతో అతని పేరిటనే ఒక పత్రిక ఆరంభమైనది. వ్రాసినవాడు స్టాన్ లీ, బొమ్మలు వేసినవాడు స్టీవ్ డిట్కో. ముసుగు వెనుక నున్నవాడు పీటర్ పార్కర్ అను విద్యార్థి. తలిదండ్రులు లేరు, పెంచి పెద్దచేసిన పెదతండ్రి హతుడయ్యెను, ఇంటి అద్దెకు కూడ కటకటగా నున్నది. అప్పటికే అదే సంస్థవారి ఫెంటాస్టిక్ ఫోర్ అను నలుగురు వీరుల పత్రిక 1961 నుండి వెలువడుచు మంచి పేరు గాంచియుండెను. మన కుఱ్ఱవాడు ఆ నలుగురు నివసించు మేడలోనికి దూరి, తన బలమును ప్రదర్శించి, తన్ను తమలో చేర్చుకొనుడని కోరును. ముందు పోట్లాట, పిమ్మట మాటలు. జీతమెంత ఇత్తురని అతడడుగును. తమలో ఎవ్వరికిని జీతము లేదనియు, వచ్చిన సొమ్ము శాస్త్ర పరిశోధనకే పోవుననియు వారు చెప్పుదురు. అతడు మొగము వ్రేలవేసికొని వెడలిపోవును. నెల జీతముతో ముప్పదియైదేండ్లు సంసారమీదిన మాకు ఇచట నవ్వు వచ్చినది, వెంటనే జాలియు కలిగినది. మా మనుమడు మాత్రము నవ్వలేదు. "పాపం తాతయ్యా, అద్దె ఎలా కడతాడు?" అని అడిగినాడు. కథా మర్యాద లేని పుస్తకము పిల్లవాని చేత ఇట్టి ప్రశ్న నడిగింపగలదా?

ఇట్లు ఒక వీరుని కథలోనికి ఇంకొకరు వచ్చుట అమెరికావారికిని 1963లో క్రొత్త కాదు. 1940లోనే మార్వెల్ మిస్టరీ కామిక్స్ 8, 9 సంచికలలో హ్యూమన్ టార్చ్ అను అగ్నివీరుడును, సబ్ మెరీనర్ అను జలవీరుడును తలపడిరి. 1952లో సూపర్ మాన్ పత్రిక 76వ సంచికలోనికి బ్యాట్ మాన్ వచ్చెను. మారువేషములు లేక సామాన్యులుగా ఓడ నెక్కిన ఆ ఇరువురికిని ఒకే గది దొరకుటయు, అచట ఒకరి రహస్యము ఒకరికి బయటపడుటయు అందలి కథ. గది ఇరుకై స్నేహము పుట్టుట రైలు ప్రయాణము చేసిన మనకెల్లరకు అనుభవమే.

ఇది మర్యాద కాదని మన పెద్దలు వాదింతురు. అయ్యా, మన ఇతిహాస పురాణములను ఏమి చేయుదురు? హనుమంతుడు ఏ కథలోనివాడు? రామాయణములోనివాడు. మఱి మహాభారతము అరణ్య పర్వములో అతనికేమి పని? ద్రౌపది కోరిన సౌగంధిక పుష్పము కొఱకు భీముడు పోవుచుండగా, కదళీ వనమున దారికడ్డముగా ఒక ముసలి కోతి పరుండియుండును. తోక తొలగించుకొని పొమ్మనును. భీముడు రెండు చేతులతో నెత్తబోయి ఎత్తలేక సిగ్గుపడును. అప్పుడు గదా తాను వాయుపుత్రుడననియు, నీకు అన్ననగుదుననియు ఆంజనేయుడు తెలియజెప్పుట! పిమ్మట తన పూర్వపు మహారూపమును చూపి, అర్జునుని పతాకముపై నిలిచి తోడుపడుదునని మాట యిచ్చి పంపివేయును. ఒక యుగపు వీరుడు ఇంకొక యుగపు వీరుని కథలోనికి వచ్చి, వాని గర్వమును తీర్చి, తోడ్పాటు నిచ్చి, తన త్రోవను తాను పోయెను. దీనికన్న చక్కని అతిథి పాత్ర ఏ పుస్తకములో కలదు?

జాంబవంతుని సంగతి చూడుడు. అతడును రామకథలోనివాడే. భాగవతము దశమ స్కంధములో శమంతకమణి కొఱకు గుహ చొచ్చిన శ్రీకృష్ణునితో ఇరువదియెనిమిది దినములు పోరాడెను. ఎదుటివాడు తన స్వామియే యని గుర్తింపలేదు. గుర్తించిన పిమ్మట మణి నిచ్చెను, కూతురునిచ్చెను. ముందు అపార్థము, నడుమ ద్వంద్వ యుద్ధము, చివర గుర్తింపు, ఆ మీదట స్నేహము. కామిక్స్ వీరులు కలిసికొన్నప్పుడెల్ల జరుగునది అక్షరాల ఇదియే. మన నాటకరంగము కూడ ఈ రుచి నెఱుగును. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి గయోపాఖ్యానమునకు జనము విరుగబడి వచ్చినది దేనికి? ఇరువురును మనవారే యైన కృష్ణార్జునులు ఎదురెదురుగా నిలిచిరనియే గదా! స్పైడర్ మాన్ ఆ నలుగురితో పోట్లాడిన 1963వ సంవత్సరముననే మన తెరపై ఎన్.టి. రామారావు గారు కృష్ణుడుగను, అక్కినేని నాగేశ్వరరావు గారు అర్జునుడుగను శ్రీకృష్ణార్జున యుద్ధము వచ్చినది. అమెరికా బాలుడును, మన పల్లెటూరి బాలుడును ఆ ఏట ఒకే కుతూహలముతో ఊపిరి బిగబట్టిరి. ఒకనిది సంస్కృతియు, ఇంకొకనిది చెత్తయు అనుట న్యాయమా?

మూడవ కారణమున కొంత సత్యము కలదు. దానిని దాచుట మా వృత్తిధర్మము కాదు. పై జెప్పిన స్పైడర్ మాన్ సంచిక అట్టమీద ఆ నలుగురు వీరులును కొట్టవచ్చినట్లు కనిపింతురు. లోపల వారుండునది కొలది పుటలలో మాత్రమే. పేరు పొందినవారి బొమ్మ చూపి క్రొత్తవాని పుస్తకమును అమ్ముట అందలి ఉద్దేశము. వరల్డ్స్ ఫైనెస్ట్ అను పత్రికలో సూపర్ మాన్, బ్యాట్ మాన్ 1954 నుండి కలిసి ఒకే కథలో నటించుటకు కారణము స్నేహము కాదు. పత్రిక పుటలు తగ్గుటచే ఇరువురికి వేఱువేఱు కథలకు చోటు చాలకపోవుటయే. 1976లో రెండు పోటీ సంస్థలు ఏకమై సూపర్ మాన్‌ను, స్పైడర్ మాన్‌ను ఒకే పుస్తకమున నిలిపినదియు లాభమును కోరియే. ఇవి వ్యాపారములే.

అయిన నేమి? చందమామ 1947లో తెలుగున, తమిళమున ఆరంభమైనప్పుడు దానికిని వెల యుండెను గదా! నాటకమునకు టిక్కెట్టు లేదా? అమ్మబడినది గనుక చెడ్డది యనుట తీర్పు కాదు, తప్పించుకొనుట. కొన్న సరకు మంచిదా కాదా యని త్రాసున బెట్టవలెను. దానికి మేము మూడు తూకపురాళ్లు పెట్టుకొంటిమి. వచ్చిన అతిథి తన స్వభావమును, తన మాటను విడువక నిలిచెనా? అతిథి వచ్చుటచే ఇంటివాని కథ మరుగునపడక మిగిలెనా? అతిథి వెడలిపోవునప్పుడు అంతకుముందు లేనిది ఏదైన మిగిల్చి పోయెనా? ఈ మూడింట నిలిచిన రాక మంచి రాక. నిలువనిది వట్టి అట్టబొమ్మ.

హనుమంతుడు మూడింటను నిలిచెను. ఫెంటాస్టిక్ ఫోర్ వారి రాకయు నిలిచినదనియే మా తీర్పు. వారు తమ నియమమును విడువలేదు. పీటర్ కథ పీటర్‌దిగానే మిగిలినది. తన కష్టమునకు ఇతరుల కొలువు మార్గము కాదను తెలివి అతనికి మిగిలినది. మా యౌవనమున ఇంద్రజాల్ కామిక్స్ చదివినవారికి ఫాంటం, మాండ్రేక్ ఇరువురును తెలిసినవారే. ఇరువురిని సృష్టించినవాడు లీ ఫాక్. 1977లో జరిగిన ఫాంటం వివాహమునకు మాండ్రేక్ చుట్టమువలె విచ్చేసెను. యుద్ధము లేదు, రహస్యము లేదు; పెండ్లికి వచ్చెను, అంతియే. అదియు మాకు ముచ్చటగనే యుండెను. ఇక అట్టమీద పెద్ద బొమ్మయై లోపల ఒక్క గడిలో మెఱసి మాయమగు వీరులను మేము సమర్థింపము. మనుమడే అట్టి పుస్తకమును ప్రక్కకు నెట్టి, "ఇది మోసం" అన్నాడు. చూచితిరా! తూకపురాయి పిల్లవాని చేతనే యున్నది. పెట్టెను అమ్మివేసినచో ఆ రాయిని కూడ అమ్మివేసినట్లే.

ఇచట ఒక సూక్ష్మమును పాఠకులు గమనింప ప్రార్థన. 1963 నాటి ఆ కథలో పుస్తకము స్పైడర్ మాన్‌ది. ఇల్లు మాత్రము ఆ నలుగురిది. వారు అతని పుస్తకమునకు అతిథులు; అతడు వారి ఇంటికి అతిథి. పుస్తకము ఎవరి పేరిట నున్నదను ప్రశ్న వేఱు, ఇల్లు ఎవరిదను ప్రశ్న వేఱు. ఇంకను స్పష్టమైన దృష్టాంతము 1966 నాటి ఫెంటాస్టిక్ ఫోర్ 52వ సంచిక. స్టాన్ లీ, జాక్ కర్బీలు చేసిన ఆ సంచికలోనే బ్లాక్ పాంథర్ అను ఆఫ్రికా వీరుడు మొట్టమొదట కనబడెను. పుస్తకము దృష్ట్యా అతడు ఇతరుల పేరిట వచ్చు పత్రికలో అతిథి. కాని కథలో అతడు వకాండా యను తన రాజ్యమునకు ప్రభువు. ఆ నలుగురిని తానే ఆహ్వానించెను, తానే పరీక్షించెను, తానే ఆతిథ్యమిచ్చెను. అప్పటికి అమెరికా పెద్ద సంస్థల కామిక్స్‌లో నల్లజాతి వీరుడొకడు ఇంత ఠీవితో నిలుచుట లేనేలేదు. అతడు చేతులు కట్టుకొని ఒక మూల నిలువలేదు గనుకనే 1973 నుండి జంగిల్ ఆక్షన్ అను పత్రికలో ముఖ్య పాత్రయు, 1977లో తన పేరిట స్వంత పత్రికయు, 2018లో లోకమంతయు చూచిన చలనచిత్రమును అతనికి లభించినవి. పెద్దలు ఈ సంచికను చూడకయే పాత కాగితముల త్రాసున వేయబోయిరి.

మేమింత పట్టుదలతో చెప్పుటకు కారణము కామిక్స్ మాత్రమే కాదు. అదే సభలో అదే పెద్దలు ఇంకొక మాట అనిరి. పిల్లలకు తెలుగు లిపి నేర్పు తరగతిని మరల తెరువవలెనని ఒక తల్లి కోరగా, "మనమిచట అతిథులము, అతిథులకు ఇన్ని కోరికలు తగవు" అని సెలవిచ్చిరి. ఈ మాటకే మేము నిద్ర పోలేదు.

మేము బరంపురమువారము. మా తాతగారు పుట్టిన ఇంటిలోనే మా తండ్రిగారు పుట్టిరి, మేమును పుట్టితిమి. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం సీమ మద్రాసు రాజధాని నుండి ఒరిస్సాలో చేరినది. ఆ నాడు మా తాతగారు మూట కట్టలేదు, బండి ఎక్కలేదు, ఏ ఎల్లను దాటలేదు. పుస్తకము అట్టమీద పేరు మాఱినది. ఇల్లు ఉన్నచోటనే యున్నది. హోసూరువారికి, బళ్లారివారికి వారి వారి కథలు వేఱుగా నుండవచ్చును గాని, తరతరములుగా ఒక చోట పాతుకొన్న కుటుంబమును అతిథి యనుట ఎచటనైనను పొసగదు. ఇది ఒడియా సోదరులపై ఫిర్యాదు కాదని విస్పష్టముగా వ్రాయుచున్నాము. వారు మమ్ము అతిథులని యెన్నడును అనలేదు. మా ఇంట చందమామ వచ్చు దినములలోనే ప్రక్కింటివారికి అదే కథలతో ఒడియా జహ్నమాము వచ్చుచుండెను. రెండిళ్ల పిల్లలమును రెండింటిని ముందుంచుకొని బొమ్మలు సరిచూచుకొనెడివారము. మా బరంపురమున రెండేండ్లకొకసారి ఠాకురాణి యాత్ర జరుగును. అమ్మవారు తన పుట్టింటికి వచ్చినదని ఊరంతయు నమ్మును. ఒడియావారును తెలుగువారును దేవతల, వీరుల వేషములు వేసికొని వీథులలో తిరుగుదురు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను అతిథి యని పిలుచు నాలుక ఏది? ఆ మాటను పలికినది పొరుగువారు కారు, మనలోనివారే. మన బాధ అదియే.

ఒకవేళ అతిథులమే యనుకొందము. అతిథి తన మాటను తాను మఱచిపోవలెనని ఏ మర్యాద చెప్పుచున్నది? హనుమంతుడు భారతములోనికి వచ్చి రాముని పేరు మఱచెనా? తన మాట లేని అతిథిని ఏ రచయితయు పిలువడు. పిలిచినను పాఠకుడు గుర్తింపడు. స్వభాషను విడిచి మూల గూర్చున్నవానిని అతిథి యనరు, నీడ యందురు.

ఇంతకు మా ఇంటి ముచ్చట చెప్పి ముగింతుము. సౌగంధిక కథ విన్న పిమ్మట మనుమడు ఎగిరి గంతువేసి, "ఆ పుస్తకం చూపించు తాతయ్యా" అని అడిగెను. అటక మీది భారతమును దింపి, దుమ్ము దులిపి, వాని ఒడిలో నుంచితిమి. వాడు రెండు నిమిషములు పుటలు త్రిప్పి, మరల మా చేతికిచ్చి, "నాకు చదవడం రాదుగా" అన్నాడు. వాని కంఠమున నేరము లేదు. నేరము మాది. ఇంగ్లీషును, ఒడియాను, హిందీని వాడు నీటివలె చదువును. తాత భాషను మాత్రము చెవితో వినగలడు గాని కంటితో చదువలేడు. స్పైడర్ మాన్ వాని తెలుగును దొంగిలింపలేదు. ఆ చోటు ఖాళీగా నుండుటచే స్పైడర్ మాన్ వచ్చి గూర్చుండెను. ఖాళీ చేసినవారము మనము. పిల్లల బీరువాలో ఆ పెట్టెకు ముందు ఎన్ని తెలుగు బొమ్మల పుస్తకములుండెనో పెద్దలు ఒకమారు లెక్కింతురు గాక. మేము లెక్కించితిమి: ఒక్కటియు లేదు. బీరువా తాళపుచెవి కూడ ఎవరి యొద్ద నున్నదో ఎవరికిని తెలియకుండెను. లేని తెలుగును రక్షించుటకు ఉన్న పుస్తకములను తగులబెట్టుట రక్షణ కాదు.

కావున మా ప్రార్థనలు మూడు. ఆ పెట్టెను బీరువాలోనే యుంచవలెను. దాని ప్రక్కనే తెలుగు బాలసాహిత్యమును కొని చేర్చవలెను. తాళము తీసి యుంచవలెను. ప్రతి ఆదివారము ఒక గంట పిల్లలకు తెలుగక్షరములు నేర్పవలెను. నేర్పువారు దొరకరను సాకు వలదు, మేమున్నాము, మావంటి విశ్రాంత గుమాస్తాలు ఇంకను నలుగురున్నారు. మేమును జీతము లేని నలుగురమే! అక్షరములు వచ్చిన పిల్లల చేత భీమాంజనేయుల సమావేశమును గడులుగా బొమ్మలు వేయించి, వీరుల మాటలను తెలుగున వ్రాయింపవలెను. వచ్చు ఏటి సంచికలో ఆ పుటలను అచ్చువేయుడు. ఆ పుటలకు చోటు చాలనిచో ఈ వ్యాసమువంటి వ్యాసములను తీసివేయుడు. మాకు సంతోషమే.